గూడు ఊళ్లో, మేత తంపరలో

ఏటా వినాయక చవితి దాటిందంటే శ్రీకాకుళం జిల్లా పేజీలో ఒక వార్త ఖాయం. తేలినీలాపురానికి సైబీరియా అతిథులొచ్చాయని శీర్షిక, కింద కొమ్మల నిండా పక్షుల ఫొటో. అందులో పక్షులు రావడం నిజమే, సైబీరియా మాత్రం కల్పన. టెక్కలి మండలంలోని ఈ ఊరి చెట్ల మీద గూళ్లు కట్టేవి ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి గూడబాతు, అంటే ముక్కు పొడవునా మచ్చలూ, దవడ కింద సంచీ ఉండే పెలికాన్. రెండోది ఎర్రమూతి కొంగ. పక్షిశాస్త్రం దాన్ని పెయింటెడ్ స్టార్క్ అంటుంది. వీపు వెనక ఈకలకి గులాబీరంగు అద్దినట్టుంటుంది. రెండూ మన ఉపఖండం, దాని చుట్టుపక్కల దేశాల పక్షులే. వానల్ని బట్టి, నీళ్లని బట్టి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి తిరుగుతాయి తప్ప హిమాలయాలు దాటవు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చెట్లకి తొలకరితో చేరే నత్తకొంగల సంగతీ అంతే.

నిజంగా సైబీరియా నుంచి వచ్చే పక్షులు ఈ తీరానికి లేకపోలేదు. అవి నౌపడ ఉప్పు మళ్లలాంటి చోట్ల, బురద రేవుల్లో, నీటి అంచున బుడిబుడి పరుగులు తీసే ఉల్లంకి పిట్టలు. వాటిలో లిటిల్ స్టింట్ అనేది 30 గ్రాములు కూడా తూగదు. ఉత్తర ధ్రువం దగ్గరి టండ్రాలో గుడ్లు పెట్టి, చలి మొదలవగానే వేల కిలోమీటర్లు ఎగిరి మన తూర్పు తీరానికి దిగుతుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ అనే దాని అన్నగారిదీ అదే దారి. బూడిదరంగు పిట్ట, బూడిదరంగు బురద, ఫొటోగ్రాఫర్లకి ఆనదు. అలా సైబీరియా పేరు పెద్ద పక్షులకి పోయింది, అసలు ప్రయాణికులకి పేరే లేకుండా పోయింది.

ఇది పత్రికల పొరపాటుతో పోయేదైతే ఎత్తి చూపనక్కర్లేదు. పక్షిని అతిథి అనుకుంటే విడిది చూపిస్తే మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. తేలినీలాపురం అనగానే అందరి చూపూ చెట్ల మీదికి పోవడం అందుకే. అటవీశాఖ కూడా అక్కడే విజ్ఞాన కేంద్రం కట్టింది, అక్కడే వాచ్ టవర్ లేపింది. ఊరివాళ్లు తరతరాలుగా గూళ్ల జోలికి పోరు. ఈ పక్షులొస్తే ఊరికి మేలని వాళ్ల నమ్మకం. ఇన్ని ఉన్నా ఈ పక్షుల బతుకు ఆ చెట్ల దగ్గర తేలదు. అవి గూడు కట్టేది ఊళ్లోనే అయినా మేసేది తంపరలో.

తంపర అంటే కళింగాంధ్రలో పల్లపు చిత్తడి నేల. సోంపేట వైపు ఇలాంటి దాన్నే బీల అంటారు. టెక్కలి వైపు మెట్టల మీద పడ్డ వాన గెడ్డలనే వాగుల వెంట దిగి, సంతబొమ్మాళి మండలం పల్లంలోకి చేరి, అక్కడ పలచగా పరుచుకుని కొన్ని నెలలు నిలుస్తుంది. తర్వాత మెల్లగా ఉప్పుటేటి గుండా భావనపాడు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎగువన మంచినీరు, దిగువన ఆటుపోటుతో వచ్చే ఉప్పునీరు, నడుమ రెండూ కలిసిన నీరు. పరిశోధకులు నౌపడ చిత్తడి నేలలు అని రాసేది దీని గురించే. మండలం పటంలో చూస్తే నీళ్లు లేని కాలంలో ఇదంతా ఖాళీ జాగాలా కనిపిస్తుంది.

ఎర్రమూతి కొంగ మేత మేసే తీరు తెలిస్తే ఈ పలచటి నీళ్ల విలువ అర్థమవుతుంది. ఈ కొంగ చేపను కళ్లతో వెతకదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. అప్పుడప్పుడూ ఒక కాలితో బురద కెలుకుతుంది. బెదిరిన చేప ముక్కుకి తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. ఇదే కుటుంబానికి చెందిన అమెరికా వుడ్ స్టార్క్ మీద 1960ల మొదట్లో చేసిన ప్రయోగాల్లో ఆ మూసుకోవడానికి పట్టిన సమయం సెకనులో 40వ వంతు అని తేలింది. వెన్నెముక ఉన్న జంతువుల్లో అంత వేగంగా స్పందించేవి అరుదు. నీళ్లు ఎంత మురికిగా ఉన్నా ఇబ్బంది లేదు, చీకట్లోనూ పని జరుగుతుంది.

ఈ పద్ధతికి రెండు షరతులున్నాయి. నీళ్లు లోతు తక్కువ ఉండాలి, జానెడు మూరెడు మించకూడదు. చేపలు ఒత్తుగా ఉండాలి. తడుముకుంటూ వేటాడే పక్షికి చేప చెల్లాచెదురైతే ముక్కుకి తగిలేదేమీ ఉండదు. వానలు తగ్గి, నీరు రోజురోజుకీ లాగుతూ, చేపలన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరే కాలమే దీనికి పంట. అందుకే వర్షాకాలం చివర్లో గూళ్లు కట్టి, నీరు లాగే రోజులకి పిల్లలు నోళ్లు తెరిచేలా చూసుకుంటుంది. తంపరలో నీరు నెల ముందే పోయినా, పోకుండా లోతుగా నిలిచిపోయినా చెట్టు మీద పిల్లలకి ఆకలే. చెట్టు చుట్టూ ఎంత మంచి కంచె వేసినా ఆ ఆకలి తీరదు.

దీనికి చేదు రుజువు ఈ ఊళ్లోనే దొరికింది. 2021 చివరి నుంచి 2022 మొదటి నెలల వరకు తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చచ్చి రాలిపడ్డాయి. చెట్లు కొట్టినవాళ్లు లేరు, వేటాడినవాళ్లు లేరు. పరీక్షల్లో బయటపడ్డ కారణం కడుపులో నులిపురుగుల్లాంటి పరాన్నజీవులు. అవి చేపల ద్వారా చేరేవి. పక్షులు కాపలా ఉన్న చోట పడుకుని, కాపలా లేని చోట తిన్న తిండితో పోయాయన్నమాట.

అసలు గూడబాతుల విషయంలో తెలుగు నేలకి ఇంతకంటే పెద్ద పాఠం ఉంది. 1946లో పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గరి ఆరేడు, కొలమూరు ప్రాంతంలో చాలా పెద్ద గూడబాతుల కాలనీ చూసి దాని గురించి రాశాడు. తాడిచెట్ల మీద, ఊరిని ఆనుకుని ఉండేది ఆ కాలనీ. 1970లు వచ్చేసరికి అది లేదు. ఒక తరం కూడా పట్టలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఇవాళ ఈ జాతిని ముప్పుకి చేరువలో ఉన్నదిగా లెక్కిస్తోంది. ఊరివాళ్ల ఆదరణ ఒక్కటే సరిపోదనడానికి కొలమూరు కంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఈ తంపర చుట్టూ పటం మారిపోతోంది. మొదట భావనపాడు పోర్టుగా అనుకున్నది తర్వాత మూలపేట పోర్టు అయింది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. నాలుగు బెర్తులు, ఏటా 2.35 కోట్ల టన్నుల సరుకు, సుమారు ₹4,360 కోట్ల ఖర్చు అని మొదటి అంచనాలు. పోర్టు ఒక్కటే వచ్చి ఊరుకోదు. పోర్టు నుంచి జాతీయ రహదారి 16కి నాలుగు వరసల రోడ్డు కావాలి, నౌపడ జంక్షన్‌కి రైలు కావాలి. రోడ్డు వెంట గోదాములు, గోదాముల వెంట లారీల యార్డులు, వాటి వెంట హోటళ్లు, లేఅవుట్లు. టెక్కలి, నౌపడ, పలాస–కాశీబుగ్గ కలిసి ఒక పట్టణపు పట్టీ అయ్యే రోజు దూరం లేదు. దక్షిణాన భోగాపురం విమానాశ్రయం ఇంకో కొస. ఈ రెండు కొసల నడుమ తీరం వెంట రోడ్డు మాట కూడా గట్టిగానే వినిపిస్తోంది. ఇంజనీర్ల భాషలో ఇవన్నీ కారిడార్లు.

వన్యప్రాణి శాస్త్రంలోనూ కారిడార్ ఉంది, కానీ అది వేరే పని చేస్తుంది. 1967లో మెకార్థర్, విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు దీవుల మీద జీవజాతుల లెక్క తేల్చారు. దీవి ఎంత చిన్నదైతే, పక్క నేలకి ఎంత దూరమైతే, అంత తక్కువ జాతులు బతుకుతాయన్నది వాళ్ల సూత్రం. తర్వాతి తరం దాన్ని నేల మీదికి తెచ్చింది. పొలాల మధ్య మిగిలిన అడవి ముక్క కూడా దీవే, దాన్ని ఇంకో ముక్కతో కలపకపోతే క్రమంగా ఖాళీ అవుతుంది. ఏనుగుల దారులు, పులుల దారులు అనే ఆలోచన అక్కడినుంచే బలపడింది. ఒడిశా లఖారి లోయ నుంచి ఏనుగులు మన ఏజెన్సీలోకి దిగి రావడం, 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోవడం చూశాం. దారి లేని చోట నడిచే జంతువుకి జరిగేది అదే.

ఎగిరే పక్షికి మాత్రం పొడవాటి పచ్చని పట్టీ అక్కర్లేదు. దానికి అందేంత దూరంలో మేత మడుగులు ఉండాలి, వాటి మధ్య గాలిలో అడ్డు ఉండకూడదు. ఈ తేడా తెలియకపోతే డబ్బు వృథా. రోడ్డు పక్కన గుల్‌మొహర్ వరసలు నాటి దాన్ని గ్రీన్ కారిడార్ అని బోర్డు పెడితే లారీ డ్రైవర్లకి నీడ దొరుకుతుంది. మంచిదే. కొంగకి మాత్రం అందులో ఒరిగేదేమీ లేదు. ఇక్కడ కాపాడవలసిన దారి నీటిది. మెట్ట నుంచి గెడ్డ, గెడ్డ నుంచి తంపర, తంపర నుంచి ఉప్పుటేరు, అక్కడినుంచి సముద్రంలో కలిసే మొగ. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా మిగతావి బొమ్మలే.

అది తెంపబోయిన అనుభవం ఈ జిల్లాకి కొత్త కాదు. తంపర భూముల్లో కాకరాపల్లి దగ్గర 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి 2009లో పర్యావరణ అనుమతి వచ్చింది. కాగితాల మీద దాని పేరు కూడా భావనపాడు థర్మల్ ప్రాజెక్టే. నీళ్లు పోయే పల్లాన్ని మట్టితో మెత్తితే మా ఊళ్లు మునుగుతాయి, మా చేపలు పోతాయి అని చుట్టుపక్కల పల్లెలు మొత్తుకున్నాయి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అంతకు ఏడు నెలల ముందే, 2010 జూలై 14న, సోంపేట బీల కోసం జరిగిన పోరాటంలోనూ కాల్పులు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ సోంపేట ప్లాంటు అనుమతి రద్దు చేసింది. కాకరాపల్లి ప్లాంటు ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వలేదు. రెండు చోట్లా గొడవకి మూలం ఒకటే. రైతుకీ జాలరికీ జీవనాధారమైన నేల ఆఫీసు కాగితంలో బంజరుగా కనిపించడం.

చట్టం చూపు కూడా కొంచెం మెల్లే. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు ఉప్పు తయారీ కోసం మనిషి కట్టిన మళ్లను చిత్తడి నేల నిర్వచనం నుంచి తప్పించాయి. టండ్రా నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టకి ఆ సంగతి తెలియదు గనక అక్కడే దిగుతోంది.

ఇంతవరకూ పక్షుల గురించే చెప్పుకున్నాం. ఈ జిల్లాలో పాత గుళ్లకీ, బౌద్ధ దిబ్బలకీ సరిగ్గా ఇదే జబ్బు ఉంది. పురావస్తు కట్టడాల చట్టం 1958లో వచ్చింది. 2010 సవరణతో, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధ ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రణ ప్రాంతం అయ్యాయి. గుడి చుట్టూ ఓ గుండ్రటి గీత. కూలగొట్టేవాళ్ల నుంచి రాళ్లను కాపాడడానికి అది చాలు. ఆ రాళ్లు అక్కడెందుకున్నాయో చెప్పడానికి చాలదు.

శాలిహుండం చూడండి. గార మండలంలో వంశధార దక్షిణపు ఒడ్డున ఓ గుట్ట. మీద స్తూపాలు, చైత్యాలు. ఆ గుట్ట విలువ 1919లో లోకానికి చెప్పినవాడు వాడుక భాషా ఉద్యమకారుడు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేట బిడ్డ, పర్లాకిమిడిలో పంతులు. ఆ గుట్టెక్కి చూస్తే నది వంపు, దాని చివర సముద్రం వైపు కళింగపట్నం. ఒకప్పటి ఓడరేవు అది. గుట్ట దిగి నది వెంటే ఎగువకి పోతే శ్రీముఖలింగం: మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు, తూర్పు గాంగుల కళింగనగరం. ఓడ దిగిన భిక్షువు, సరుకు ఎక్కించిన వర్తకుడు, యాత్రకి పోయే భక్తుడు, అందరూ ఈ నదినే పట్టుకుని నడిచారు. మూడు చోట్లనీ విడివిడిగా చూస్తే మూడు పర్యాటక కేంద్రాలు. నదితో కలిపి చూస్తేనే వెయ్యేళ్లు పైబడిన వాణిజ్యమూ మతమూ నడిచిన ఒక దారి తెలుస్తుంది. ఆ దారిని ఇసుక తవ్వకాలు కోసేస్తున్నా మన గుండ్రటి గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి.

భావనపాడుకి దగ్గర్లో ఇంకో రెండు సంగతులున్నాయి. టెక్కలి మండలం రావివలస ఎండల మల్లికార్జునస్వామికి గుడి కప్పు లేదు. ఎత్తయిన లింగం ఆరుబయట ఎండలోనే ఉంటుంది. గుడి కట్టబోతే నిలవలేదని, స్వామికి ఎండా గాలీ తగలాలని ఐతిహ్యం. కార్తీకంలో జనం తిరనాళ్లలా వస్తారు. ఈ దేవుడి వారసత్వంలో రాయి ఎంతో, మీద ఆకాశం అంత. రేపు చుట్టూ ఎత్తైన గోదాములు లేస్తే వంద మీటర్ల లెక్కలో తప్పేమీ ఉండకపోవచ్చు, కానీ ఎండల మల్లన్నకి ఎండ తగ్గుతుంది. రెండోది నౌపడ రైలు. పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచింది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే. తర్వాత గుణుపురం దాకా సాగింది. ఈ శతాబ్దం మొదట్లో బ్రాడ్‌గేజ్ అయింది. మన్యం సరుకు కిందికి, తీరం ఉప్పు పైకి. పోర్టుకి వేసే కొత్త లైను కూడా అదే జంక్షన్‌కి చేరుతుంది. పాత స్టేషన్ల గుర్తులు, ఉప్పు గిడ్డంగులు ఏవి మిగిలాయో పని మొదలయ్యే ముందే నమోదు చేయించడం పెద్ద ఖర్చు కాదు. మనవాళ్లకి ఇలాంటివి పడగొట్టాకే గుర్తొస్తాయి.

ప్రకృతినీ వారసత్వాన్నీ ఒక చోట చూడాలంటే కొత్త చట్టం కావాలేమో అనిపిస్తుంది. ఉన్నదాన్ని చదివితే చాలు. తీరప్రాంత నియంత్రణ జోన్ నోటిఫికేషన్, 2011లో వచ్చినదైనా 2019లో మార్చినదైనా, అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో ఏమేం చేర్చిందో చూడండి. మడ అడవులు, ఇసుక దిబ్బలు, ఉప్పు చిత్తళ్లు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, పక్షులు గూళ్లు కట్టే చోట్లు, వాటి వరసలోనే పురావస్తు ప్రాధాన్యం ఉన్న స్థలాలూ వారసత్వ కట్టడాలూ. కొంగనీ స్తూపాన్నీ ఒకే జాబితాలో పెట్టిన చట్టం ఇది. అమలులో మాత్రం జాబితా ముక్కలై ఒక్కో శాఖకి ఒక్కో ముక్క పోతుంది. అటవీశాఖ గూళ్లు లెక్కపెడుతుంది, పురావస్తు శాఖ గుడి చుట్టూ గీత గీస్తుంది, రోడ్ల శాఖ ఆ రెంటినీ తప్పించి నడుమనున్న తంపర మీదుగా రోడ్డు గీస్తుంది. తప్పించడమే ఇక్కడ తప్పవుతుంది. ఎవరి చుక్కకీ తగలకుండా పోయే రోడ్డు సరిగ్గా నీటి దారికి అడ్డం పడుతుంది.

ఇలాంటి చిక్కును ఇంకోలా విప్పిన ఊళ్లున్నాయి. అమెరికాలో బోస్టన్ నగరానికి 19వ శతాబ్దంలో ఓ ఉప్పు చిత్తడి తలనొప్పి అయింది. నగరం మురుగంతా అందులోకి, పోటు వస్తే వరద, ఆటుకి దుర్వాసన. 1878 నుంచి ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ దాన్ని చేపట్టాడు. పార్కు వేయమంటే ముందు నీళ్లు ఎటు వస్తున్నాయి, ఎంత వస్తే ఎక్కడ నిలుస్తాయి అని లెక్క వేశాడు. మురుగును వేరే కాలువలోకి మళ్లించి, వరద నిలవడానికి వంపులు తిరిగిన చిత్తడిని మిగిల్చి, దాని ఒడ్డున నడక దారులు వేశాడు. అది క్రమంగా పార్కుల గొలుసై ఎమరాల్డ్ నెక్లెస్ అని పేరు పడింది. అందం తర్వాత వచ్చింది, మొదట వచ్చింది డ్రైనేజీ. అదే దేశంలో 1984లో ఇల్లినాయ్ కాలువ వెంట ఇంకో ప్రయోగం జరిగింది. సుమారు 150 కిలోమీటర్ల పాత పడవల కాలువ, దాని ఒడ్డున ఊళ్లు, ఫ్యాక్టరీలు, అడవి ముక్కలు అన్నిటినీ కలిపి వాళ్ల పార్లమెంటు ఒకే వారసత్వ కారిడార్‌గా ప్రకటించింది. అందరి భూములూ ప్రభుత్వం తీసుకోలేదు. ఊళ్లు ఊళ్లుగానే ఉన్నాయి. ఒక పటం, దాన్ని చూసుకునే ఒక సంఘం ఏర్పడ్డాయి. వంశధార ఒడ్డుకి కావలసింది ఇంచుమించు అదే.

మన దగ్గరకి వస్తే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు చాలా చిన్నది. రోడ్డు కట్ట కింద ఉండే కల్వర్టు. కల్వర్టుని ఇంజనీరు పెద్ద వరద చూసి లెక్క కడతాడు. తుపాను రోజున ఎంత నీరు వస్తుంది, అది కట్ట తెగకుండా పోవాలంటే ఎంత వెడల్పు కావాలి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలమట్టం చేసిన జిల్లాలో అది న్యాయమైన లెక్కే. వెడల్పు తక్కువైతే కట్టకి ఎగువనున్న ఊళ్లు మునుగుతాయి. కానీ కొంగ లెక్క వేరే నెలది. డిసెంబరు, జనవరిలో తంపరలో ఎంత లోతు నీరు మిగలాలో నిర్ణయించేది కల్వర్టు వెడల్పు కాదు, దాని అడుగు మట్టం. అడుగు బాగా కిందికి పెడితే వాన ఆగిన పది రోజులకే నీరంతా జారిపోయి పిల్లలకి మేత దొరికే కాలానికి నేల ఎండుతుంది. పైకి పెడితే నీరు నిలవై లోతు పెరుగుతుంది, చేప చెదురుతుంది, వరిచేను కుళ్లుతుంది. సముద్రం వైపు తలుపు లేకపోతే పోటు నీరు ఎగువకెక్కి పొలాల్లో ఉప్పు పేరుకుంటుంది. కట్టంతటికీ ఒకే మట్టంలో కల్వర్టులు పెట్టే అలవాటు మానాలి. కొన్ని కిందికి, కొన్ని మీదికి పెట్టి, వరద పోవడానికీ నీరు మెల్లగా లాగడానికీ వేర్వేరు దారులు ఉంచాలి. తంపర నడిబొడ్డున మట్టి కట్ట మానేసి స్తంభాల మీద వంతెన వేస్తే ఇంకా మేలు. దాని ఖర్చు ఎక్కువే. మునిగిన ఊళ్లకి ఏటేటా ఇచ్చే పరిహారం కూడా ఆ లెక్కలో వేసి చూస్తే తేడా తగ్గుతుంది.

తర్వాత తీగలు. గూడబాతు నాలుగైదు కిలోల పక్షి, రెక్కలు చాచితే మనిషి కంటే పొడవు. చటుక్కున పక్కకి తిరగలేదు. కొంగలాంటి పెద్ద పక్షుల చూపు మీద జరిగిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ఎగురుతూ మేత కోసం తల కిందికి వంచినప్పుడు వాటికి ఎదురుగా ఉన్నది కనిపించదు. తేలినీలాపురానికీ తంపరకీ మధ్య హైటెన్షన్ లైను వేస్తే ఆ పక్షి రోజూ పోయే దారిలో ఉరితాడు కట్టినట్టే. పోర్టు కరెంటుని ఆ ముక్క వరకైనా భూమిలోంచి తీసుకెళ్లవచ్చు. కుదరకపోతే తీగలకి మెరిసే బిళ్లలు వేలాడదీయాలి.

ఇసుక మీద పడే వెలుగు ఇంకో సంగతి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. ఒక్కో గుంతలో వంద దాకా గుడ్లు. నెలన్నర, రెండు నెలలకి రాత్రిపూట పిల్లలు బయటికొచ్చి, నేల వైపు చీకటిగానూ సముద్రం వైపు కాస్త వెలుతురుగానూ ఉండే ఆకాశాన్ని గుర్తుపట్టి ఆ వెలుతురు వైపు పాకుతాయి. వేల ఏళ్లు పనిచేసిన ఈ సూత్రాన్ని రోడ్డు మీద ఒక్క తెల్ల ఎల్‌ఈడీ స్తంభం తలకిందులు చేస్తుంది. పిల్లలు రోడ్డెక్కి తెల్లారేసరికి ఎండకి చస్తాయి, లేదా కుక్కలకి, కాకులకి దొరుకుతాయి. నీలి వెలుతురు తక్కువగా ఉండే కాషాయరంగు దీపాలు, కిందికి మాత్రమే వెలుగు పడేలా మూతలు, ఒడ్డుకీ రోడ్డుకీ మధ్య సరుగుడు, మొగలి పొదల తడిక. ఇవి చేతనైన పనులే. శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడిలోనే నక్షత్ర తాబేళ్లను పెంచే జిల్లాకి, వలలో పడ్డ తాబేలుకి దండం పెట్టి వదిలేసే జాలర్లున్న తీరానికి, తాబేలు పేరు చెప్పి దీపం రంగు మార్చమని ఒప్పించడం అంత కష్టం కాదనుకుంటాను. వారసత్వం ప్రకృతికి అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఇసుక కూడా కదిలే వస్తువే. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా తగిలి ఇసుకని ఉత్తరానికి నడిపిస్తాయి. బ్రేక్‌వాటర్ అడ్డం పడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ ఆర్కే బీచ్ కోత మనకి తెలిసిందే. అక్కడ పోర్టు తవ్వి తీసిన ఇసుకని మళ్లీ ఒడ్డుకి చేర్చడం ఓ నిరంతర పని అయిపోయింది. మూలపేటకి ఉత్తరాన పడవలు లాగే రేవులు, వలలు ఆరబెట్టే ఇసుక, గంగమ్మ గుళ్లు ఏవి ఎక్కడున్నాయో ఊరి పెద్దలతో కలిసి గుర్తించి పటంలో ఎక్కించాలి. ఇవేవీ పురావస్తు శాఖ జాబితాలో ఉండవు. పోర్టు కోసం ఊళ్లు వదలాల్సిన విష్ణుచక్రం, మూలపేట నిర్వాసితుల కోసం నౌపడ దగ్గర కాలనీ తలపెట్టారు. ఇల్లు కొత్తది దొరుకుతుంది. సముద్రానికి నడిచి పోయే దారి ఆ కాలనీ ప్లానులో ఉందా అన్నది అడగవలసిన మొదటి ప్రశ్న. రేవు లేని జాలరికి పండగ ఎక్కడ చేసుకోవాలో కూడా తెలియదు.

ఇవన్నీ చేయడానికి ముందు ఓ లెక్క చేతిలో ఉండాలి. కొల్లేరుకి 1999లో అభయారణ్యం హద్దు గీసినప్పుడు ప్లస్ 5 కాంటూరు అని నీటి మట్టాన్నే హద్దుగా తీసుకున్నారు. దాన్ని ప్లస్ 3కి తగ్గించాలా వద్దా అన్న రగడ ఇంకా నడుస్తున్నా, వాదించుకోవడానికి ఒక అంకె ఉంది. తంపరకి అలాంటి అంకె కావాలి. గెడ్డలు తంపరలో కలిసే చోట, తంపర నడుమ, ఉప్పుటేటి మొదట్లో అడుగులు గీసిన కొలత స్తంభాలు పాతి, వారానికోసారి నీటి లోతు, ఉప్పుదనం రాసుకోవడం హైస్కూలు పిల్లలు కూడా చేయగల పని. తేలినీలాపురంలో గూళ్ల లెక్క ఎలాగూ తీస్తున్నారు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఎంత లోతుకి ఎన్ని పిల్లలు బతికాయో రెండు మూడేళ్లలో తెలుస్తుంది. కల్వర్టు అడుగు మట్టం ఎంత ఉండాలో ఇంజనీరుకి చెప్పగలిగే అంకె అదొక్కటే. ఆ స్తంభాలు రోడ్డు కట్ట పడకముందే పాతాలి. కట్ట పడ్డాక మొదలుపెడితే కొలిచేది కట్ట నిలబెట్టిన నీళ్లనే.